పాట ఎత్తుకునే మనిషి

మా నాయన గొంతు పెద్దది. నగరిలో మరమగ్గాల మీద బతికేవాళ్ళందరి గొంతులూ పెద్దవే. పది మగ్గాలు ఒక్కసారిగా ఆడే షెడ్డులో, పక్క మనిషికి దారం తెగిందని చెప్పాలన్నా అరవాల్సిందే. అందుకే మా ఇంట్లో గుసగుసలాడటం ఎవరికీ చేతకాదు. ముప్పై ఏళ్ళుగా ఆ మోత మీద కీర్తనలు పాడుకున్న గొంతు, ఆదివారం నిశ్శబ్దంగా ఉండే చర్చిలోకి వచ్చినంత మాత్రాన తగ్గుతుందా? తగ్గేది కాదు.

చర్చిలో పాట ఎత్తుకునే మనిషి కూడా ఆయనే. పాస్టరు అయ్యగారు ఫలానా పాట అనగానే మొదటి మాట నాయన నోటి నుంచి రావాలి. ఆయన ఏ శ్రుతిలో ఎత్తుకుంటే ఆ రోజుకు అదే శ్రుతి. కొన్నిసార్లు మరీ హెచ్చులో ఎత్తుకునేవాడు, మూడో చరణానికి ఆడవాళ్ళమంతా కళ్ళు తేలేసేవాళ్ళం. ముందు వరసలో చాప మీద కూర్చునే ముసలవ్వకు మాత్రం ఆ గొంతంటే ప్రాణం. ఆయన కాస్త ఆలస్యం చేస్తే చాలు, ఎత్తుకోమని చేత్తో సైగ చేసేది. తనను మట్టి చేసే రోజు కూడా పాట ఆయనే ఎత్తుకోవాలని మాట తీసుకుంది. నాయన నవ్వుతూనే మాట ఇచ్చాడు.

కొరియా నుంచి మిషనరీ దంపతులు వచ్చేదాకా ఇది ఇలాగే నడిచింది. సంఘానికి సంగీతం నేర్పడానికి వచ్చారు. ఇద్దరికీ యాభై దాటి ఉంటాయి. నేను అప్పుడే తిరుపతిలో ఎమ్మే ముగించి, ఉద్యోగం దొరక్క ఇంట్లో ఉన్నాను. ఇంగ్లీషు వచ్చిన పిల్ల కదా అని అయ్యగారు నన్ను వాళ్ళకు తోడు పెట్టారు. వాళ్ళ ఇంగ్లీషు అంతంతమాత్రం. నాదీ అంతే. రెండు అంతంతమాత్రాల మధ్య రెండేళ్ళు గడిచిపోయాయి.

రోజూ పొద్దున్నే వాళ్ళ మేడ మీది ఇంటికి వెళ్ళేదాన్ని. మేడమ్ బియ్యం కడిగిన నీళ్ళు మిరప మొక్కలకు పోస్తూ ఉండేవారు. సారు చిరిగిన పాటల పుస్తకాలకు టేపు అంటిస్తూ ఉండేవారు. ఒకరినొకరు పేరు పెట్టి పిలవగా నేను వినలేదు. పోట్లాడుకోవడమూ వినలేదు. అలిగితే మాటలు ఆగిపోయేవి, అంతే. కానీ ఎంత అలిగినా అన్నం ముందు మాత్రం పాడేవారు. ఆమెది పై గొంతు, ఆయనది కింది గొంతు. రెండూ వేర్వేరు దారుల్లో పోయి చివర ఒకచోట కలిసేవి. ఆ తర్వాత ఆయన కూర గిన్నె ఆమె వైపు జరిపేవారు. వాళ్ళు నేర్పడానికి వచ్చిన నాలుగు గొంతుల పాట అంటే ఏమిటో నాకు పాఠాల్లో కంటే ఆ భోజనాల బల్ల దగ్గరే ఎక్కువ అర్థమైంది.

మిగతావాళ్ళకు అంత సులువుగా అర్థం కాలేదు. సారు అందరి పుస్తకాల మీదా రంగు చుక్కలు అంటించారు. ఆడవాళ్ళలో పై గొంతుకు ఎరుపు, కింది గొంతుకు పసుపు. మగవాళ్ళకు పచ్చ, నీలం. నాది పసుపు. ఇంట్లో సాధన చేస్తుంటే మా అమ్మ అంట్లు తోమడం ఆపి వినేది. "మన పాట మాదిరే ఉండాది, కాని మన పాట కాదు. యాడ తప్పినావో సూసుకోమ్మా" అనేది. తప్పలేదు, ఇది దాని నీడ అని చెప్పాను. నీడను పాడటం ఏమిటని ఆమె మళ్ళీ అంట్ల మీద పడింది.

నాయనకు నీలం చుక్క వచ్చింది. అన్నిటికంటే అడుగున ఉండే గొంతు. శ్రుతి ఇక సారు తెచ్చిన కీబోర్డు ఇస్తుంది కాబట్టి, పాట ఎత్తుకునే మనిషి అవసరం లేకపోయింది. అది కావాలని చేసింది కాదు. అలాంటి పని ఒకటి ఉందనే సారుకు తెలియదు. నేనూ చెప్పలేదు. చెప్పాలని తోచలేదా, ధైర్యం చాల్లేదా అంటే ఇప్పుడు ఏదీ గట్టిగా చెప్పలేను.

మూడో వారం సాధన అయ్యాక సారు నన్ను పక్కకు పిలిచారు. చాలా మర్యాదగా, రెండు చేతులూ కట్టుకుని చెప్పారు. మీ నాన్న గొంతు మిగతా అందరినీ మింగేస్తోంది, స్వరం కూడా నిలవడం లేదు, ఆయన పాడకుండా నోరు మాత్రం ఆడిస్తే బాగుంటుంది, నొప్పించకుండా చెప్పమన్నారు. నాయన నాలుగడుగుల దూరంలో నిలబడి, సారు ఏమన్నారో అని నా మొహమే చూస్తున్నాడు.

అడకత్తెరలో పోకచెక్క అంటే ఏమిటో ఆ రోజు తెలిసింది. నాయన దగ్గరికి వెళ్ళి చెప్పాను. "నీ గొంతు పునాది మాదిరి అంట నాయనా. పునాది కనపడకూడదంట. కొంచెం తగ్గించి, అడుగున పాడాలంట."

నాయన మొహం విప్పారింది. సారు వైపు తిరిగి దండం పెట్టాడు. సారు కూడా తల వంచి దండం పెట్టారు. ఒకరు ఇచ్చింది, మరొకరు పుచ్చుకున్నది ఒకటి కాదని నాకొక్కదానికే తెలుసు. ఎంత సిగ్గేసిందో, అంత ఊపిరి పీల్చుకున్నాను కూడా.

ఆ తర్వాత నాయన తన భాగం వాట్సాప్‌లో నా చేత పెట్టించుకున్నాడు. షెడ్డులో వినపడదు కాబట్టి, పెరట్లో గోడకానుకుని ఫోను చెవికి నొక్కుకుని వినేవాడు. నెల తిరక్కముందే సారు నన్ను పిలిచి, మీ నాన్నలో ఎంత మార్పో అని మెచ్చుకున్నారు. ఆ మెప్పును ఉన్నదున్నట్టే నాయనకు చేరవేశాను. ఆయన ఎందుకో అంత సంతోషించలేదు, సరేలెమ్మని తలూపాడు. నేను మాత్రం మురిసిపోయాను. ఆదివారం ముందు వరసలో నిలబడి పాడుతుంటే, వెనక మగవాళ్ళ గొంతుల అడుగున నాయన గొంతును గుర్తుపట్టేదాన్ని. అదిగో మా నాయన అని పక్కనున్న పిల్లలకు చెప్పేదాన్ని కూడా. అబద్ధం ఆడితే ఆడాను, మంచే జరిగిందనుకున్నాను.

రెండో ఏడు వేసవిలో ముసలవ్వ పోయింది.

సమాధుల తోటలో మిట్టమధ్యాహ్నం అందరం గుంత చుట్టూ నిలబడ్డాం. సారూ మేడమ్ కూడా వచ్చారు. అయ్యగారు ప్రార్థన ముగించి పాట చెప్పారు. అవ్వకు ఇష్టమైన పాటే. ఎవరూ మొదలుపెట్టలేదు. రెండేళ్ళలో అందరికీ కీబోర్డు కోసం ఆగడం అలవాటైపోయింది. అది చర్చిలో ఉంది. జనం సారు వైపు చూశారు. తెలుగువాళ్ళ సమాధి దగ్గర తను ముందుకు రావడం మర్యాద కాదనుకున్నారో ఏమో, ఆయన చేతులు కట్టుకుని తల వంచుకున్నారు. అవ్వ కూతురు నాయన వైపు చూసింది. నాయన సారు వైపు చూస్తున్నాడు. పార పట్టుకున్నవాళ్ళు కాళ్ళు మార్చుకుంటూ నిలబడ్డారు. అవ్వకు ఇచ్చిన మాట తప్పిపోతోంది, దానికి కారణం నేనే.

ఆడవాళ్ళ మధ్య నుంచి నడిచి ఆయన పక్కకు వెళ్ళాను.

"ఎత్తుకో నాయనా."

"సారు సెప్పినాడా?"

రెండేళ్ళుగా ఆయన నన్ను అడిగే ప్రశ్న అదొక్కటే. ఇంకో అబద్ధం నాలిక చివరికి వచ్చింది. "లేదు. నేను చెప్తా ఉండాను."

నాయన నన్ను ఒకసారి చూశాడు. తర్వాత గుంతలోకి చూసి ఎత్తుకున్నాడు. ఎప్పటిలాగే హెచ్చులో, రోడ్డు దాటి వినపడేంత గట్టిగా. మొదటి పంక్తి ఆయన ఒక్కడే పాడాడు. రెండో పంక్తికి మేమంతా అందుకున్నాం. ఎరుపు, పసుపు ఎవరికీ గుర్తు లేదు. నేను పాటనే పాడానో దాని నీడను పాడానో నాకే తెలియదు. మూడో పంక్తిలో మాత్రం కింది నుంచి సారు గొంతు వచ్చి కలిసింది, అన్నం ముందు కలిసినట్టే. నాకు ఏడుపు ఆగలేదు.

తిరిగి నడుస్తుంటే సారు నా పక్కకు వచ్చారు. ఆయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి. మీ నాన్న చర్చిలో ఇలా ఎందుకు పాడరని అడిగారు. నిజంగానే అడిగారు. తను చెప్పింది మర్చిపోయారో, తను చెప్పింది ఈ గొంతును గురించేనని తెలియలేదో. తేలు కుట్టిన దొంగలా తలొంచుకుని నడిచాను.

ఆ సాయంత్రం నాయన గడప మీద కూర్చుని టీ తాగుతుంటే జరిగింది మొత్తం చెప్పేశాను. పునాది మాట నేను కల్పించిందేనని, సారు అడిగింది పాడకుండా నోరు మాత్రం ఆడించమనని. తిడతాడనుకున్నాను. ఆయన గ్లాసు కింద పెట్టాడు.

"నాకు ఆ కింది పాట ఒక్కనాడూ పట్టుబడలే పాపా" అన్నాడు. "పెరట్లో ఎంత ఇన్నా రాలే. పునాది అన్నారు, రాదంటే నీకు తలవంపులు. అందుకని నోరు మాత్రం ఆడిస్తా నిలబడినా. రెండేండ్లూ అంతే."

దంపతులు ఆ ఏడే తమ దేశం వెళ్ళిపోయారు. చర్చిలో ఇప్పుడు కీబోర్డూ ఉంది, నాయన ఎత్తుకోవడమూ ఉంది. ఒక్కో ఆదివారం రెండూ కొట్టుకుంటాయి. సారు కోరిందే జరిగితే నా అబద్ధం ఎవరికి పనికొచ్చింది, ఎవరికి అన్యాయం చేసింది అని లెక్క తేల్చుకోవడానికి చూస్తాను, తేలదు. వెనక మగవాళ్ళ గొంతుల అడుగున, మా నాయనదని గుర్తుపట్టి రెండేళ్ళు మురిసిపోయిన ఆ గొంతు ఎవరిదో కూడా నాకు తెలియదు.