చెల్లె ఫోన్ల నేను పెట్టిన మెసేజ్

ఈ బరువు ఇన్నేండ్ల సంది నేనొక్కదాన్నే మోస్తున్న. ఎవ్వరికీ చెప్పలే. పాస్టరయ్యకు కూడ చెప్పలే. ఆదివారం చర్చిల అందరితోటి కలిసి మా తప్పులు క్షమించు ప్రభువా అని నోరు కదిలిస్త గని, ఏ తప్పో నా మనసుల కూడ పూర్తిగ అనుకోను. దేవునికి ఎరుకే గదా అని తప్పించుకుంట. దేవునికి ఎరుకైతే సరిపోతదా? ఎరుకవ్వాల్సినోళ్లకు ఎరుక లేదు. నువ్వెవరో నాకు తెల్వదు. నేనెవరో నీకు తెల్వదు. అందుకే నీకు చెప్పగలుగుతున్న. జర ఓపిక పట్టు.

మాది తిరుమలగిరి దిక్కు ఒక ఊరు. బాపు పాలమూరుల సర్కారు ఆఫీసుల అటెండరు. అమ్మ మేం చిన్నగున్నప్పుడే పోయింది. నా డిగ్రీ అయిపోయినంక బాపు కూడ పోయిండు, ఆయన నౌకరి నాకిచ్చిన్రు. అప్పటికి మా చెల్లె ఇంటర్ చదువుతాంది. ఇంట్ల దాన్ని చిన్ని అంటం, ఇక్కడ కూడ అదే పేరుండనియ్యి. రైల్వే స్టేషన్ దగ్గర్ల రెండర్రల ఇల్లు కిరాయికి తీసుకొని ఇద్దరం ఉన్నం. నాకు సంబంధాలొస్తే, చిన్ని చదువు అయిపోనియ్యి అని నేనే వద్దన్న. నన్నెవరూ బలవంతం చెయ్యలే. తర్వాత సంబంధాలు రావుడే బందయినయి.

నాకు దోస్తులు లేరు. ఆఫీసుల ఫైళ్లు మోసుడు, చాయ్ ఇచ్చుడు, ఇంటికొచ్చుడు. ఇంటికి రాంగనే చిన్ని ముచ్చట మొదలుపెట్టేది. చెప్పులు ఇడిచేదాక కూడ ఆగకపోయేది. బస్సుల ఎవరు ఎవరితోటి లొల్లి పెట్టుకున్నరు, కాలేజీల మేడం ఎట్ల కోపానికొచ్చింది, అన్నీ ఆ మనుషుల లెక్కనే చేసి చూపిచ్చుకుంట చెప్పేది. నేను బియ్యం కడుగుతుంటే నా ఎన్క నిలబడి చెప్పేది. నేను వినేదాన్ని. ఆ వినుడే నాకు పండుగ. అంత చిన్న సంగతి మీద ఒక మనిషి బతుకంతా నిలబడి ఉంటదని అప్పుడు నాకు తెల్వదు.

చిన్ని డిగ్రీ అయిపోయి ఒక ప్రైవేటు స్కూల్ల టీచరుగ చేరింది. మొదటి జీతంతోటి మంచి ఫోన్ కొనుక్కున్నది. ఆ స్కూల్ల ఇన్వర్టర్ చెడిపోతే బాగుచేసెటందుకు షాపు నుంచి ఒక పిలగాడు వచ్చిండంట. ప్రకాశ్ అనుకో. పనిమంతుడు, తల్లితోటి ఉంటడు, తండ్రి లేడు. నంబర్లు ఇచ్చుకున్నరు. దాసలే. చిన్ని నాకు అన్నీ చెప్పింది. "మంచోడక్కా" అన్నది. నేను కూడ నవ్విన.

కని ఇల్లు మారిపోయింది. చిన్ని నా పక్కనే కూసునేది, ముఖం మాత్రం ఫోన్ల ఉండేది. తనలో తనే నవ్వేది. ఏం నవ్వినవే అంటే ఏం లేదక్కా అనేది. నేను ఏదన్న చెప్తే "ఆ" అనేది, కొంచెం సేపైనంక తలెత్తి "ఏమన్నవ్?" అనేది. మల్ల చెప్పాల్నంటే నాకు నామోషీ. ఒక దినం పొయ్యి మీద కూర మాడి ఇల్లంత పొగ నిండింది. తను ఆ పొగలనే కూసొని టైపు చేస్తాంది. ఇంకో దినం పక్క అర్రల నుంచి నా ఫోనుకు మెసేజ్ పెట్టింది, అక్కా నీళ్లు తెచ్చియ్యవా అని. నవ్వులాటకే పెట్టింది. నేను నీళ్లు తీస్కపోయి ఇచ్చి, తిరిగొచ్చి, వంటింట్ల ఏడ్చిన.

మతం వేరు, వాళ్లది హిందువుల ఇల్లు, రేపు పిల్ల ఆగమైతది. నాకు నేను గిట్ల చెప్పుకున్న. ఇప్పుడు ఒప్పుకుంటున్న, అది సాకు. మతం గురించి నాకు ఒక్కనాడు నిద్ర చెడలే. నాకున్న ఒక్క గొంతును ఎవరో తీస్కపోతున్నరని చెడింది. నేను పెంచిన పిల్ల నాకు బాకీ ఉన్నదని అనుకున్ననా? అనుకున్న. ఇంకో మాటతోటి కప్పితే మల్ల అబద్ధమైతది.

ఒక శనివారం పొద్దున. చిన్ని తలస్నానం చేస్తాంది. ఫోన్ వంటింటి గట్టు మీద చార్జింగుకు పెట్టి ఉన్నది. లైటు వచ్చింది. తాళం ఎట్ల తీస్తదో నాకు ఎరుకే, నా ముందటనే తీస్తది, నా దగ్గర ఏం దాస్తది? ప్రకాశ్ పెట్టిండు. రేపు అమ్మను తీసుకొని మీ ఇంటికొస్త, అక్కతోటి అమ్మ మాట్లాడుతది, రావాల్నా?

స్నానాల అర్రల నుంచి మగ్గు సప్పుడు వినబడుతాంది.

రావొద్దు, నాకు వేరే సంబంధం ఖాయమైంది, నాకు కూడ ఇష్టమే, ఇగ మెసేజ్ చెయ్యకు. గట్ల రాసిన. చిన్ని తెలుగును ఇంగ్లీషు అక్షరాలల్ల రాస్తది. ఏ మాటను ఎట్ల పొట్టిగ చేస్తదో, యాడ చుక్కలు పెడుతదో నాకు కంఠతా వచ్చు, రోజూ నాకు కూడ పెడుతది గదా. అచ్చం తన లెక్కనే రాసి పంపిన. రెండు టిక్కులు నీలం అయినయి. అటు నుంచి టైపు చేస్తున్నట్టు కనబడ్డది. ఆగింది. మల్ల కనబడ్డది. మల్ల ఆగింది. ఆఖరికి ఒక్క మాటొచ్చింది. "సరే."

ఆ మూడు మెసేజ్‌లు చిన్ని ఫోన్ల తుడిపేసిన. ఫోన్ ఎట్లున్నదో గట్ల పెట్టిన. కూర కలుపుకుంట నిలబడ్డ. ఉప్పు సరిపోయిందా అని రుచి కూడ చూసిన. అది యాదికొస్తే నాకు ఇప్పటికీ భయమైతది.

ఎన్కట, ఈ ఫోన్లు లేని దినాలల్ల అయితే ఇట్లయ్యేదా అని చానసార్లు అనుకున్న. ఒక మనిషిని వద్దనాల్నంటే ఎదురుంగ నిలబడాలె, లేకుంటే కనీసం గొంతన్న వినిపియ్యాలె. చిన్ని గొంతు నాకు రాదు. చిన్ని అక్షరాలు వస్తయి. అక్షరాలు ఎవరి చేతిల నుంచి వచ్చినా ఒక్కతీరుగనే ఉంటయి. మరి తప్పు ఫోన్‌దా? చూసినవా, నీకు చెప్పుకుంట కూడ ఇంకొకదాని మీదికి తోస్తున్న. ఫోన్ ఏం చెయ్యలే. నేను చేసిన.

ఆ దినం చిన్ని పెట్టిన మెసేజ్‌కు ఒక్క టిక్కే పడ్డది. ప్రకాశ్ ఫోటో మాయమైంది. కాల్ చేస్తే ఎత్తలే. రెండు మూడు దినాలు చూసింది. తర్వాత నా దగ్గరికొచ్చింది. నేను బట్టలు మడతపెడుతున్న.

"అక్కా, ఒక్కపారి షాపు కాడికి పోయొద్దమా? నువ్వు కూడ రా."

"బ్లాక్ చేసినోని దగ్గరికి పోయి ఏమడుగుతవే?"

"ఏం తప్పు చేసిననో అడుగుత. గంతే. తెలిస్తే చాలు."

"ఆడపిల్లవు, నువ్వు పోయి అడుగుతవా? మనకు ఇజ్జత్ లేదా?"

చిన్ని నా చేతిలున్న బట్ట తీసి పక్కకు పెట్టింది. "నువ్వు వద్దంటే సరే తియ్యి," అన్నది. నా ఒళ్లె తల పెట్టి పండుకున్నది. నేను తల నిమిరిన. ఆ చేతితోటే.

మెసేజ్ ఒక్క నిమిషంల పని. కోపమనుకో, కుళ్లు అనుకో. కని ఈ మాటలు ఆలోచించి అన్న. తను నిజం దిక్కు నడుస్త అంటే నేను అడ్డం పడ్డ. ఏది పెద్ద తప్పో నాకు ఇప్పటికీ తేలలే.

ఇంకొకటి చెప్పాలె. చెప్పకుంటే ఇది ఒప్పుకునుడు కాదు. ఆ తర్వాత కొన్ని దినాలు నాకు సంతోషమైంది. చిన్ని ఫోన్ ముట్టకుంట, నేను పోయిన కాడికల్ల నా ఎంబడి తిరిగింది, నా పక్కన పండుకున్నది. మల్ల నాదయింది అనుకున్న. కని ముచ్చట మాత్రం తిరిగి రాలే. ఏమడిగినా ఒక్క మాటే చెప్పేది. మనుషుల లెక్క చేసి చూపిచ్చుడు పూర్తిగ ఆగిపోయింది. ప్రకాశ్ షాపు ఇడిచి వేరే తాన చేరిండని ఎవరో చెప్తే విన్నది, లేచి బయటికి పోయింది.

హుజూర్‌నగర్ సంబంధం వచ్చింది. పిలగాడు రైసు మిల్లుల గుమాస్తా, మా చర్చోళ్లే. నేనే ఖాయం చేసిన. మంచోడే, చెడ్డోడని అబద్ధం ఎందుకు చెప్పాలె? ఒక బాబు. ఇప్పుడు చిన్ని నాకు దినాం మెసేజ్ పెడుతది. తిన్నవా. తిన్న. బాబు ఎట్లున్నడు. మంచిగున్నడు. గంతే. ఐదారు మాటలల్ల మా అక్కచెల్లెండ్ల బతుకు అయిపోతది.

మొన్న వానాకాలంల కండ్ల దవాఖానకు పోయిన. బల్ల మీద నా పక్కన ఒక ముసలామె, ఆమె కొడుకు. ప్రకాశ్. అప్పట్ల ఒక్కపారి మా ఇంటికొచ్చి ఇన్వర్టర్ చూసిపోయిండు, అందుకే ముఖం ఎరుక. తనే పలకరించిండు. పెండ్లయింది, బిడ్డ ఉన్నది. చిన్ని మంచిగున్నదా అని మర్యాదగ అడిగిండు.

నేనెవరో తెలిసినంక ఆ తల్లి నా చెయ్యి పట్టుకున్నది. "మీ ఇంటికొద్దమని ఆ పిల్లకు ఆకుపచ్చ చీర తీసి పెట్టుకున్న బిడ్డా. ఏం మనసుల పడ్డదో, వద్దన్నదంట." కోపంతోటి అనలే. ఆరోగ్యం అడిగినట్టే అన్నది.

"పాతయి ఎందుకమ్మా," అన్నడు ప్రకాశ్. నా దిక్కు చూడకుంటనే అన్నడు, "నోటితోటి వద్దంటే, ఎందుకు అని అడిగెటోన్ని అక్కా. రాసి పెట్టినదాన్ని ఏమడుగుతం?"

లోపలికి పిలిచిన్రు. తల్లిని పట్టుకొని పోయిండు. నా నోరు నా దగ్గరనే ఉన్నది. ఆ మనిషి ఎదురుంగనే ఉన్నడు. అయినా చెప్పలే.

ఇంటికొచ్చి చిన్నికి కాల్ చేసిన. ఈసారి గొంతుతోటి చెప్పాలె, తిడితే తిట్టనియ్యి, ఏడిస్తే వినాలె అనుకున్న. ఎత్తలే. కొంచెం సేపైనంక మెసేజ్ వచ్చింది. పనిల ఉన్న అక్కా, ఏమన్న ఉంటే మెసేజ్ పెట్టు.

టైపు చేసిన. తుడిపిన. మల్ల టైపు చేసిన. చిన్నికి ఇసొంటిది అక్షరాలల్ల చెప్పుడంటే అదే తప్పు రెండోసారి చేసినట్టు అనిపించింది. లేకుంటే అది కూడ సాకేనా? ఆఖరికి, ఏం లేదు, ఊకెనే చేసిన, అని పెట్టిన. బొటనేలు బొమ్మ వచ్చింది.

హుజూర్‌నగర్‌కు బస్సులు దొరుకుతయి. పోతనా? ఈసారి పోత అని ఇక్కడ రాస్తే నువ్వు నన్ను జర మంచిదాన్ని అనుకుంటవు. అందుకే రాస్తలేను. ఎరుకైతే తన కాపురంల ఇప్పుడేం మిగులుతది అనేది ఒక భయం. నన్ను ఇడిసిపెడుతది అనేది ఇంకో భయం. ఏది ముందొస్తదో అబద్ధం చెప్పి నిన్ను మోసం చెయ్య. రెండోదే.

ఆ మెసేజ్ చిన్ని పెట్టలే. నేను పెట్టిన. షాపు కాడికి పోకుంట ఆపింది నేను. గింతే. రాసినంక లేచి వాకిలి తీసిన, గాలొచ్చింది. ఏం మారలే. కని ఛాతీల జర జాగా అయినట్టున్నది. అట్లయినందుకు కూడ సిగ్గయితాంది.