బాపు కోసం గుట్టు చాటింగ్

మా బాపు మేం బతుకవచ్చిన కడోదరాల సాంచలు, అదే మరమగ్గాలు, నడుపుతడు. ఆ మోతకు చెవులు సగం పోయినయి. గిట్లనే నడిపితె మిగిలిన సగం గూడ పోతదని డాక్టర్ మొఖం మీదనే చెప్పిండు. అందుకే ఇచ్ఛాపూర్‌ల పనిచేసే మా చిన్నాయిన, మోత లేని గోదాం పని ఒకటి చూస్తున్నడు. అది పక్కా అయ్యేదాంక ఈడ తెలువద్దు. తెలిస్తె కార్ఖానల పనోళ్ళ మీద ఉండే ముకద్దం బాపు సాంచలను అదే పూట ఇంకొకనికి అప్పజెప్తడు.

డ్యూటీల అందరి ఫోన్లు ముకద్దం కాడనే ఉంటయి. మెసేజ్ వస్తె స్క్రీన్ మీద మెరుస్తది, ఆయన చదువుతడు. ఒకసారి చిన్నాయిన మెసేజ్ గట్లనే దొరికితె, 'క్యా భాయ్, జానే కా హై?', పని ఇడిచి పోతున్నవా అని బాపును అందరి ముంగట నిలదీసిండు. ఏదో బుకాయించి బయటపడ్డడు.

నాకు ఒళ్ళు మండింది. ఫోన్ నంబర్ అడుగకుంట, చదివినంక మెసేజ్ మాయమయ్యే చాట్ ఒకటి ఉందని తెలుసు. ఇంట్ల నా కంప్యూటర్‌ల పెడుదామంటె, రెడీమేడ్‌ది ఆ పాత డబ్బల నడువనన్నది. ఇగ సోర్స్ కోడ్ దింపుకొని నేనే బిల్డ్ చేసుకోవాలె. చీరల డిజైన్లు చేసుకునేదాన్ని, నాకెందుకీ లొల్లి అనిపించింది గని, దిగినంక ఆగుతనా?

అబ్బబ్బ, అదేం సతాయించుడు! ఒక లైబ్రరీ పెడితె ఇంకోటి లేదంటది. అది పెడితె వర్షన్ పాతదంటది. కొత్తది పెడితె మొదటిది పనిచేయనంటది. బిల్డ్ ఆఖరిదాంక పోయి ఎర్రర్ కొడితె, కీబోర్డును గోడకేసి కొట్టబుద్ధయింది. 'జర తిని చేస్కోరాదే' అన్నందుకు అమ్మ మీద గూడ ఎగిరిన. పాపం, ఆమె తప్పేంది?

మొత్తానికి ఒక ఆదివారం పొద్దున చాట్ తెరుచుకుంది. చిన్నాయినతోని టెస్ట్ చేసిన. నోటిఫికేషన్లు బంద్, చదివిన మెసేజ్ జరసేపటికి మాయం, అన్ని మంచిగ నడిచినయి. అంతల అసలు మెసేజే వచ్చింది: 'అన్నా, సారు ఒప్పుకునేటట్టే ఉన్నడు. వచ్చే నెల ఖరారు చేస్తడట. అప్పటిదాంక ఎవ్వలకు చెప్పకు.'

బాపును పిలిచి కుర్చీల కూసోబెట్టిన. స్క్రీన్ దగ్గరికి వంగి, కూడబలుక్కుంట చదువుడు మొదలుపెట్టిండు, సాంచల నడుమ మాట్లాడే గొంతుతోని. 'బాపూ, మెల్లగ!' అని చెయ్యి అడ్డం పెట్టిన. 'ఏందే?' అని ఇంకింత గట్టిగ అన్నడు, మళ్ళ మొదటి నుంచి చదివిండు. మాది రేకుల గోడ. అవుతలి రూముల ఉండేది ముకద్దం తమ్ముడు. అటుదిక్కు టీవీ సప్పుడు ఆగింది.

సోమవారం బాపు టిఫిన్ డబ్బతోని పోయి, నిండు డబ్బతోనే తిరిగొచ్చిండు. ఆయన సాంచల మీద వేరేటోడు ఉన్నడట. చిన్నాయిన కాడ పని ఇంకా ఖరారు కాలే. నాకు ఏడుపు, కోపం ఒక్కసారే వచ్చినయి.

'ముచ్చట నీ కంప్యూటర్‌ల నుంచే బయటికి పోయినట్టుందే' అన్నడు బాపు.

'అండ్ల నుంచి పోలే బాపూ. నువ్వే గట్టిగ చదివినవ్.'

నా పెదవులు చూసి అర్థం చేసుకున్నడు. మొఖం చిన్నబోయింది.

'నేనా?' అన్నడు. 'నేను లోపల్లోపలనే చదువుకున్న గద బిడ్డా!'

గల్లీల పోయేటోళ్ళు ఆగి మా తలుపు దిక్కు చూసిన్రు.