రాళ్లకు గదిచ్చిన ఏడు

లింగంపేటలో మా ఇంటి ముందరి పొడుగాటి గది ఒకప్పుడు తునికాకు మూటలు దాచడానికి కట్టింది. బీడీల పని తగ్గాక ఖాళీగా పడి ఉండేది. ఎల్లారెడ్డి దారిలో గుట్టల వెంట రాగి కోసం వెతుకుతున్నవాళ్లు వచ్చి, రాళ్లు పెట్టుకోవడానికి ఆ గది అద్దెకు అడిగారు. రాళ్లకు గదేమిటని మా అత్తమ్మ నవ్వింది. అయినా ఇచ్చాం.

కొన్నాళ్లకే ట్రాక్టరు మీద పెట్టెలు దిగాయి. వాటిలో వరుసగా, చెరుకు ముక్కల్లా గుండ్రటి రాతి కడ్డీలు. గుట్ట కింద మిషన్ తిప్పి నేల లోపలి నుంచి తీసిన రాయి అది. కోర్ అంటారు. వాటిని చూసుకునే జియాలజిస్టు వరంగల్ వైపు అమ్మాయి. పొద్దున్నే వచ్చి గుమ్మంలో పీట వేసుకుని, ఒక్కో కడ్డీని తడిపి, భూతద్దం కంటికి ఆనించుకుని చూసేది. పక్కన అరుగు మీద నేనూ అత్తమ్మా చాటలు ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టేవాళ్లం. ముగ్గురం పెద్దగా మాట్లాడుకునేవాళ్లం కాదు. కత్తెర చప్పుడు, మగ్గులో నీళ్ల చప్పుడు వింటూ ఉండగానే పొద్దు వాలిపోయేది.

ఒకరోజు ఆ అమ్మాయి నన్ను పిలిచింది. "అక్కా, గీ రాయి మీద నీళ్లు పొయ్యి."

పోశాను. బూడిద రంగు రాయి నల్లగా మారింది. దాని నడుమ తెల్లటి పలుగురాయి గీత, ఆ గీత అంచున పసుపు పచ్చని మెరుపు.

"బంగారమా?"

"కాదక్కా, రాగి ఉన్న ఖనిజం. బంగారం గూడ దీంట్లనే జరంత ఉంటది గని కండ్లకు కనబడది. ల్యాబుల తేలుతది."

ఆనాటి నుంచి ఏదో ఒక సాకుతో ఆ గదిలోకి వెళ్లేదాన్ని. పెరటి గోడలు కాలిపోయే ఎండల్లో కూడా ఆ రాళ్లు చల్లగా ఉండేవి. చేయి ఆనిస్తే, ఎవరూ ఎన్నడూ అడుగు పెట్టని చోటికి పోయినట్టు ఉండేది.

అత్తమ్మకు వాటిని చూస్తూ చూస్తూ పాత సంగతి గుర్తొచ్చింది. "నేను కొత్త కోడలుగ ఉన్నప్పుడు గూడ గిట్లనే వచ్చిన్రు బిడ్డా. గుట్ట కింద డేరాలేసిన్రు. వాగుల మట్టి తోడి చిన్న చిన్న సంచులల్ల కట్టుకున్నరు. వాళ్లకు నేనే నీళ్లు మోసిన."

అమ్మాయి చేతిలోని రాయి కింద పెట్టింది. "గుట్ట మీద ఏమన్న తవ్విన్రా అవ్వా?"

"పొడుగు కందకం తవ్విన్రు. చూపిస్త పా."

రాతిలోని రాగి వానకు కరిగి వాగులో చేరుతుందట. వెతికేవాళ్లు ఆ జాడ పట్టుకుని ఎగువకు నడుస్తారట. జాడ ఎక్కడ ఆగితే అక్కడ కందకం తవ్వి రాయి చూస్తారట. ఆ పాత కందకం దొరికితే, రాగి గీత ఎక్కడ పైకి తేలిందో మళ్లీ వెతికే పని తప్పుతుందని ఆ అమ్మాయి నాకు చెప్పింది.

మర్నాడు ముగ్గురం జీపులో గుట్ట దాకా వెళ్లి, పైకి నడిచాం. దారి లేదు. ఎండిన టేకు ఆకులు కాళ్ల కింద విరుగుతున్నాయి. అత్తమ్మ కర్ర పట్టుకుని ముందు నడిచింది. ఒకచోట ఆగి "ఈడనే ఉండె" అంది. కాసేపటికి "కాదు, ఆ తట్టు" అంది. అటూ లేదు. పొద్దు నెత్తికెక్కింది. చివరికి ఒక బండ మీద కూలబడి, "నాకు యాది తప్పుతుందా పిల్లా?" అని నన్ను అడిగింది. ఆ ముఖంలో అంత భయం నేను ఎప్పుడూ చూడలేదు.

వానలకు పూడిపోయి ఉంటుందన్నాను. ఆమె వినలేదు.

అమ్మాయి వెతకడం మానేసి ఆమె పక్కన కూర్చుంది. "కోట్ల ఏండ్ల కింద గీ గుట్ట లోపల పగుళ్లు వచ్చినయి అవ్వా. కింది నుంచి కాగిన నీళ్లు ఆ పగుళ్లల్లకు ఎక్కినయి. నీళ్లతోని రాగి, బంగారం వచ్చినయి. సల్లారినంక ఆడనే ఉండిపోయినయి."

"అప్పుడు మనుషులున్నరా?"

"లేరు. చెట్లు గూడ లేవు."

"మరి ఎవరు చూసిన్రు?"

"ఎవ్వరూ చూడలే."

అత్తమ్మ బండ మీద అరచేయి ఆనించి కళ్లు మూసుకుంది. గాలి వచ్చి ఆకులు జరిగాయి. తర్వాత కర్ర అందుకుని "పాండ్రి, ఆకలైతుంది" అంది.

ఆ కందకం ఎవరికీ దొరకలేదు.

వానాకాలం పోయాక ల్యాబు ఫలితాలు వచ్చాయి. రాగి ఉంది, బంగారం జాడా ఉంది. కానీ ఆ గీత లోపలికి పోను పోను సన్నబడి ఆగిపోయిందట. గని పెట్టేంత లేదన్నారు. మా మక్క చేను గుట్ట కిందనే ఉంది కాబట్టి, భూమి పోతుందేమోనని నా భర్త లోలోపల భయపడుతూ వచ్చాడు. సంగతి విని "మంచిదే" అని చేనుకు నీళ్లు పెట్టడానికి పోయాడు. నాకూ నిమ్మళమైంది. అయినా లారీలోకి పెట్టెలు ఎక్కిస్తుంటే, చివరి పెట్టెలోని రాయి మీద ఒకసారి చేయి ఆనించాను. అమ్మాయి అత్తమ్మ చేతులు పట్టుకుని కాసేపు నిలబడింది.

ఆమె ఇప్పుడు రాజస్థాన్‌లో రాగి వెతుకుతోంది. మొన్న బతుకమ్మ పండుగకు ఫోన్ చేసింది. అత్తమ్మ నా చేతిలోంచి ఫోన్ గుంజుకుంది.

"ఆడ పూలు దొరికినయా బిడ్డా?"

"గునుగు దొరకలే అవ్వా. బంతిపూలతోనే పేర్చిన."

"ఒక్కదానివే ఆడినవా?"

"లేదు. మా క్యాంపుల వంట చేసే ఆమెకు నేర్పిన. ఇద్దరం ఆడినం."

అత్తమ్మ తృప్తిగా తలూపి, ఆ వంటామెకు పాట వచ్చిందా అని అడగడం మొదలుపెట్టింది.