అప్ప కారుకి నేను చేసిన మూడు వైద్యాలు

విజయనగరంలో బండ్ల కరెంటు పని చేసేవాళ్ళలో నాకున్నంత నోరు ఇంకెవరికీ లేదని నా భార్య అంటుంది. కాదనను. బానెట్ ఎత్తకముందే, సెల్ఫు కొట్టిన చప్పుడు విని ఇది బ్యాటరీ, ఇది డైనమో అని చెప్పేసేవాణ్ణి. చాలాసార్లు అది నిజమయ్యేది కూడా. దాంతో ఎదుటివాళ్ళు చెప్పేది చివరిదాకా వినే అలవాటు పోయింది. చేతినిండా పని ఉన్న రోజులవి. భోగాపురంలో విమానాశ్రయం వస్తుందని అందరి నోటా అదే మాట. విమానాల సంగతి ఎలా ఉన్నా ఆ దారిన పాత కార్లు మాత్రం బాగా పెరిగాయి. పాత కారంటే నాకు విందుభోజనమే.

ఆ రోజుల్లో ఒక ఉదయం భోగాపురం అవతల సముద్రపొడ్డు ఊరి నుంచి ఒకావిడ తన కారు తనే నడుపుకుంటూ నా షెడ్డుకి వచ్చింది. నలభై దాటిన మనిషి. భర్త వేటకి వెళ్తాడు, ఈవిడ చేపలు అమ్ముతుంది. చేపల పెట్టెల కోసం కారు వెనక సీటు పీకించేసింది. నన్ను తమ్ముడూ అంది, నేను అప్పా అన్నాను. మా వైపు అక్కని అలాగే పిలుస్తాం.

“పొద్దుగాల తాళం తిప్పితే టక్కుమంటాది, అంతే” అంది. “ఒక్కోపాలి దానంతటదే అలారం కూస్తాది. ఊరంతా లేసిపోతారు. సూడు తమ్ముడూ, సాయంత్రం కడిగీసినంక...”

“అప్పా, సేపల సంగతి నువ్వు సూసుకో. కారు సంగతి నాకొగ్గీ” అన్నాను.

ఆవిడ నవ్వి తాళం నా చేతిలో పెట్టింది.

చీపురుపల్లి చేపల బజారులో గేటు పక్క చోటు ఆవిడది. అంతకుముందు అత్తగారు కూర్చునేది అక్కడ. ఆ బజారు ఆడవాళ్ళకి ఒక కట్టుబాటుంది. ఒక నెలలో మూడు పొద్దులు ఎవరి చోటైనా ఖాళీగా కనిపిస్తే, దానికోసం కాచుకున్న మనిషికి ఇచ్చేస్తారు. గేటు పక్క చోటంటే ఎంతమంది కాచుకుంటారో వేరే చెప్పక్కర్లేదు. అప్పకి అప్పటికే ఒక పొద్దు పోయింది. తెల్లారగట్ల ఒడ్డున సరుకు ఎత్తుకుని, బజారు మొదలయ్యే వేళకి చీపురుపల్లి చేరాలంటే ఆ కారు లేవాల్సిందే.

నా మొదటి వైద్యం బ్యాటరీకి. పాతది నిజంగానే నీరసించి ఉంది. కొత్తది బిగించి, టెర్మినళ్ళు గీకి, గ్రీజు పూసి పంపించాను. వారం తిరక్కుండా మళ్ళీ వచ్చింది. రెండో పొద్దు కూడా పోయిందట.

“అయితే చార్జింగు” అన్నాను, అదేదో ముందే తెలిసినట్టు. ఇంజను తిప్పి మీటరు పెడితే పద్నాలుగు దాకా రావాల్సిన అంకె పన్నెండున్నర దగ్గరే కూర్చుంది. బెల్టు వదులైపోయింది, డైనమోలో బ్రష్షులు అరిగిపోయాయి. అన్నీ సరిచేశాక పద్నాలుగు చూపించింది. నాకు అంత హుషారొచ్చిందంటే, పక్క టీకొట్టు వాళ్ళందరూ వినేలా, “ఇంక ఈ కారు ఆగితే నా బోర్డు పీకేస్తాను” అన్నాను. అడిగినవాళ్ళెవరూ లేరు.

మూడు రోజులకి ఒక రాత్రి అలారం ఉండుండి కూసి వీధిలో అందరినీ లేపింది. తెల్లారగట్ల కారు లేవలేదు. లేచిన వాళ్ళే వచ్చి తోస్తే అందుకుంది. అప్ప ఎలాగో వేళకి చేరింది. తిరుగు ప్రయాణంలో కారు నా దగ్గర వదిలి బస్సెక్కి వెళ్ళింది. ఆ కారుని తాళం వేసి, అలారం పెట్టి, సాయంత్రం దాకా ఎండలో నిలబెట్టాను. కిక్కురుమనలేదు. కాళ్ళతో తన్నాను, తలుపులు బాదాను, ఒక తిట్టు కూడా తిట్టాను. నా ముందు మాత్రం అంత బుద్ధిమంతురాలు లేదు.

అలారం పెట్టె మొత్తం పీకేద్దామంటే కుదరదు. అంతకుముందు కారు వాడినవాళ్ళు సెల్ఫు వైరుని ఆ పెట్టెలోంచే లాగించారు. చివరికి సైరను ఒక్కటీ పాడైందని తేల్చి, దాని వైరు కత్తిరించేశాను. అది మూడో వైద్యం. నోరు నొక్కేస్తే రోగం పోతుందనుకున్నాను.

చీకటి పడేవేళకి అప్ప వచ్చి కారు తీసుకెళ్ళింది. మర్నాడు ఫోనొచ్చింది.

“కూత నేదు తమ్ముడూ. కారు కూడా లెగనేదు. మళ్ళీ తోసినారు. నానెల్లేసరికి నా సోటుకి కాసుకున్న మనిసి పక్కనే తట్ట అట్టుకోని నిలబడిపోనాది. ఇంకొక్క పొద్దు తప్పితే అయిపోనాదే” అంది.

ఆ గొంతులో కోపం వెతికాను. లేదు. నన్ను నాలుగు తిట్టి ఉంటే అన్నం సహించేది.

మధ్యాహ్నం కంచం ముందు కూర్చుని ఆ కారుని శాపనార్థాలు పెడుతుంటే మా ఆవిడ అడిగింది. “ఇంతకీ ఆయమ్మ ఏటంటాది?”

“కారు లెగట్లేదంటాది.”

“అది కాదు. ఎప్పుడు లెగట్లేదంటాది, ఏటి సేసినంక లెగట్లేదంటాది?”

మొదటి రోజు ఏదో కడగడం సంగతి చెప్పబోయిందని అప్పుడు గుర్తొచ్చింది. నేనే మధ్యలో నోరు మూయించాను. ఆ మాట మా ఆవిడతో చెప్పలేదు. చెయ్యి కడుక్కుని, మీటరూ స్క్రూడ్రైవర్లూ సంచిలో వేసుకుని, స్కూటరు తీశాను.

ఎండ తగ్గే వేళకి వాళ్ళ ఊరు చేరాను. కారు ఒడ్డుకి దగ్గర్లో ఉంది. డిక్కీ ఎత్తి ఉంది. చీర కుచ్చిళ్ళు దోపుకుని అప్ప బకెట్టుతో లోపలికి నీళ్ళు కొడుతోంది. ఖాళీ అవగానే నడుచుకుంటూ వెళ్ళి కెరటంలో ముంచుకొచ్చింది. నేను నోరు తెరుచుకుని చూశాను.

“సముద్రం నీళ్ళతోనా?” అన్నాను.

“మరి? తట్టలూ, పెట్టెలూ, పడవా అన్నీ దీంతోనే కడుగుతాం. నీసు వాసన ఇట్టే పోతాది” అంది.

ఈసారి నేను మాట్లాడకుండా అన్నీ చూశాను. ఆవిడ డిక్కీ మూసింది, తాళం వేసింది. సముద్రపు గాలికి రంగు పోకుండా కారు మొత్తం మీద మందపాటి టార్పాలిను కప్పి తాళ్ళు కట్టింది. వాళ్ళింట్లో టీ ఇచ్చారు, అరుగు మీద కూర్చున్నాను. సూర్యుడు దిగిపోయాడు, గాలిలో చెమ్మ పెరిగింది. రెండో గ్లాసు టీ సగంలో ఉండగా టార్పాలిను లోపల్నుంచి పసుపుపచ్చగా వెలిగి ఆరింది. మళ్ళీ వెలిగింది. మలుపు తిరిగేటప్పుడు వేసే పక్క లైట్లు నాలుగూ, చప్పుడు లేకుండా, వెలుగుతూ ఆరుతూ ఉన్నాయి. టీ గ్లాసు అక్కడే వదిలేసి పరిగెత్తాను.

టార్పాలిను లాగేసి, బ్యాటరీ తీగ విప్పి మధ్యలో మీటరు పెట్టాను. నిలబెట్టిన కారు తాగకూడనంత కరెంటు తాగుతోంది. డిక్కీ తాళం దగ్గర చిన్న స్విచ్చి ఉంటుంది, డిక్కీ తెరిచి ఉందో మూసి ఉందో అలారానికి చెప్పేది. దాని చుట్టూ తెల్లగా ఉప్పు పేరుకుంది, వైరు కొస ఆకుపచ్చగా చివికిపోయింది. ఆ వైరు పీకగానే లైట్లు ఆగిపోయాయి, అంకె కిందికి పడిపోయింది.

నా షెడ్డులో ఎండకి ఉప్పు ఎండిపోయేది, కారు పెద్దమనిషిలా ఉండేది. ఒడ్డున పొద్దు గుంకాక ఆ ఉప్పు మళ్ళీ చెమ్మ పట్టి స్విచ్చిని కలిపేసేది. ఎవరో డిక్కీ తెరుస్తున్నారనుకుని అలారం రాత్రంతా లైట్లు కొడుతూ బ్యాటరీని పీల్చేసేది. సైరను ఉన్నన్నాళ్ళూ కనీసం కూసి చెప్పింది. అది కూడా లేకుండా చేసిన ఘనత నాది.

అప్పకి అంతా విడమరిచి చెప్పాను. ఆవిడ మొహం చిన్నబోయింది.

“అయితే నా కారు నానే పాడు సేసుకున్నానా?”

“ఉప్పు సంగతి నీకెవరూ సెప్పనేదు గదా అప్పా.”

“అదేటో గానీ, కడిగీసిన రోజే కూస్తాది. పడవ ఏటకెల్లక కడగనేదనుకో, పొద్దుగాల సుబ్బరంగా లెగుస్తాది. ఆ మాటే సెబుదామనుకున్నాను మొదటి రోజు” అంది.

ఎత్తిపొడుపు కాదు, ఉన్నమాట చెప్పింది. నాకు సిగ్గేసింది. ఇన్నేళ్ళలో పని తప్పినందుకు చాలాసార్లు చిరాకుపడ్డాను గానీ సిగ్గుపడింది ఆ ఒక్కసారే. “ఆ రోజు నీ మాట ఇనుంటే రెండో పొద్దు పోయేదే కాదు. తప్పు నాది” అన్నాను. అలా అనడం నాకు అలవాటు లేదు కాబట్టి రెండుసార్లు గొంతు సవరించుకోవాల్సొచ్చింది.

భోగాపురం వెళ్ళి కొత్త స్విచ్చి తెచ్చాను. చివికిన వైరు కోసి కొత్తది వేసి, గ్రీజు దట్టించి, సైరను కలిపాను. డిక్కీలో ఉప్పంతా బోరు నీళ్ళతో కడిగించి పొడిగుడ్డతో తుడిచాను. ఇకమీదట బోరు నీళ్ళేనని ఒట్టు వేయించుకున్నాను. “బాగయిపోనాదప్పా” అని స్కూటరెక్కాను.

అన్నాను గానీ, ఇంటికొచ్చాక నా మాట మీద నాకే నమ్మకం కుదర్లేదు. మర్నాడు చీకటితోనే లేచి, చీపురుపల్లికి దొరికిన మొదటి రైలెక్కాను. బజారుకి చేరేసరికి తెల్లవారుతోంది. గేటు పక్క చోటు ఖాళీగా ఉంది. తట్ట పట్టుకున్న మనిషి అక్కడే ఉంది, గచ్చు మీద నీళ్ళు కూడా చల్లుకుంటోంది.  ఆ మనిషిని కాళ్ళావేళ్ళా పడి బతిమాలాలన్న ఆలోచన కూడా వచ్చింది.

అంతలో హారను కొట్టుకుంటూ అప్ప కారు మలుపు తిరిగింది. దిగి, నీళ్ళు చల్లిన గచ్చుని చూసి, “కడిగీసినావా? మంచిదమ్మా” అని పెట్టె దించింది. ఆ మనిషి గొణుక్కుంటూ తట్ట తీసింది. నేను అక్కడే గేటు ఊచలు పట్టుకుని నవ్వుకున్నాను.

అప్ప నన్ను చూసింది. “ఏటి తమ్ముడూ, ఇలగొచ్చినావు?”

“సేపలకి.”

“సంచీ నేకండానా?”

పక్కనున్న ఆడవాళ్ళందరూ నవ్వారు. ఇంక దాచి లాభం లేదు.

“కారు లెగుస్తాదో నేదోనని రేతిరంతా నిద్ర నేదప్పా. నువ్వెలగ పడుకున్నావు?”

“సుబ్బరంగా పడుకున్నాను” అంది ఆవిడ, ఐసు పక్కకి తోసి మొదటి చేపని పైకి తీస్తూ. “బాగయిపోనాదని నువ్వు సెప్పినావు గదా.”