రెండు వైపులా ఎదురుగాలి

పైరగాలిని తిట్టుకునే మనిషి కృష్ణా జిల్లా మొత్తం మీద నేనొక్కదాన్నే అయి ఉంటాను. వేసవి సాయంత్రం సముద్రం వైపు నుంచి ఆ గాలి తగలగానే మా వీధిలో అందరూ కుర్చీలు బయట వేసుకుని, "అబ్బ, ప్రాణం లేచొచ్చింది" అంటారు. సరిగ్గా అదే వేళకు నేను ఆటోనగర్ నుంచి పోరంకి వైపు సైకిలు తొక్కుతూ, తల హ్యాండిలు మీదకు వంచేసి, అదే గాలితో పెనుగులాడుతుంటాను. వాళ్లకు లేచొచ్చే ప్రాణం నాకు పోతుంటుంది.

పొద్దుటి సంగతి ఇంకో రకం. ఇంటి నుంచి ఆటోనగర్ వెళ్లాలంటే వాయవ్యం వైపు తొక్కాలి. ఎండాకాలం పొద్దున ఆ వైపు నుంచే పడమటి గాలి వేడివేడిగా ముఖం మీదకు వస్తుంది. సాయంత్రం ఇంటికి ఆగ్నేయం వైపు తిరిగితే అప్పటికి గాలి కూడా మనసు మార్చుకుని సముద్రం నుంచి ఎదురొస్తుంది. చలికాలంలో ఈశాన్యపు గాలి పక్కటెముకల్లో పొడుస్తుంది. నా వీపు మీద చెయ్యి వేసి తోసిన గాలిని నేనెరగను.

నేను లారీ స్పేర్ పార్టుల షాపులో బిల్లులు వేస్తాను. పదో తరగతితో బడి ఆగిపోయింది కానీ చదువు ఆగలేదు. మా ఊరి శాఖా గ్రంథాలయంలో తూర్పు గోడ వైపున్న బీరువాలన్నీ చదివేశాను; ఉత్తరం గోడ నడుస్తోంది. సైకిలేమో మా అమ్మాయి హైస్కూలుకు తొక్కినది. పిల్ల కాలేజీ బస్సు ఎక్కాక సైకిలు మెట్ల కింద బూజు పట్టి ఉంది. అప్పట్లో నేను షేర్ ఆటోలో వెళ్లేదాన్ని. ఒక రోజు డ్రైవరు, "కొంచెం సర్దుకోండమ్మా" అంటూ నా ఒళ్లో ఎవరిదో పనసకాయ పెట్టాడు. దిగేదాకా దాన్ని చంటిపిల్లలా పట్టుకుని కూర్చున్నాను. మర్నాడే మెట్ల కింద నుంచి సైకిలు బయటికి లాగాను.

ఎంత హాయి! కానూరు లోపలి దారుల్లో ఇడ్లీ బండ్ల ఆవిరి మధ్య నుంచి బెల్లు కొట్టుకుంటూ పోవడం, బందరు రోడ్డు మీద ఆగిపోయిన కార్ల వరసను పక్కనుంచి దాటేయడం, నాకే నవ్వొచ్చేది. నలభై దాటిన ఆడమనిషి చీర కుచ్చెళ్లు పైకి దోపుకుని సైకిలు మీద వెళ్తుంటే నవ్వేవాళ్లు నవ్వారు. కొన్నాళ్లకు వాళ్లే, "ఏమ్మా, ఇయ్యాల లేటయినట్టుందే" అని పలకరించడం మొదలుపెట్టారు.

కష్టాలు లేకపోలేదు. చైను ఊడితే చీరకు గ్రీజు. వాన వెలిశాక లారీ పోతే ముఖానికి బురద. అన్నిటికంటే వింత కష్టం ఆటోనగర్‌లోనే వచ్చింది. అక్కడ లారీని నట్టు నట్టుగా విప్పి మళ్లీ బిగిస్తారు కదా, సైకిలు టైరులో గాలి కొట్టడం ఒక లెక్కా అనుకున్నాను. మా షాపు ఎదుట షెడ్డు మేస్త్రీ, "ఇటు తెండమ్మా, చిటికెలో పని" అంటూ లారీ టైర్లకు పెట్టే గొట్టమే తెచ్చి నా సైకిలుకు పెట్టాడు. చిటికె కూడా పట్టలేదు. ఢామ్మని పేలింది! వీధి వీధంతా బయటికొచ్చింది. ఎక్కడో ఇంజిను పేలిందనుకుని ఒకాయన మంటలార్పే సిలిండరు పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. మేస్త్రీ గొట్టం చేత్తో పట్టుకుని, చిరిగిన ట్యూబు వైపు జాలిగా చూస్తూ, "ఇంత సుకుమారం అనుకోలేదమ్మా" అన్నాడు. ఆ రోజు సైకిలు ట్రాలీ ఎక్కి ఇంటికొచ్చింది, నేను పక్కన కూర్చున్నాను, ఇద్దరం పెళ్లివారిలా.

ఇవన్నీ ఒక ఎత్తు, గాలి ఒక ఎత్తు. షాపులో నా పక్క కౌంటరు సేల్స్‌మన్ గారికి రోజూ నా గోడు చెప్పుకునేదాన్ని. నాకంటే పెద్దవాడు, వెటకారానికి పుట్టినవాడు.

"గాలి మీ ఒక్కరికే ఎదురొస్తుందా మేడమ్ గారూ?"

"నాకే అండీ. పొద్దున ఎదురు, సాయంత్రం ఎదురు."

"అయితే అచ్చం మన ఓనరు గారే. వచ్చేటప్పుడు ఎందుకొచ్చావంటాడు, పోయేటప్పుడు ఎందుకు పోతున్నావంటాడు."

నవ్వాను గానీ నాకు కారణం కావాలి. లైబ్రరీలో వెతికాను. భూగోళం పుస్తకాలు ఉత్తరం గోడ బీరువాలో అడుగు అరలో ఉన్నాయి; నేల మీద కూర్చునే చదివాను. పగలంతా నేల వేడెక్కి పైనున్న గాలి తేలికై లేస్తుందనీ, ఆ ఖాళీలోకి చల్లటి సముద్రపు గాలి వచ్చి పడుతుందనీ తెలిసిన రోజున నాకు నిద్ర పట్టలేదు. అంటే నేను ఇంటికి బయల్దేరే వేళకే బంగాళాఖాతం కూడా బయల్దేరుతోందన్నమాట! మర్నాడు షాపులో అందరికీ చెప్పాను. టీ తెచ్చినాయనకు చెప్పాను. లైబ్రేరియన్ గారికి ఎన్నిసార్లు చెప్పానో, ఆయన ఒకనాడు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి, "ఏమ్మా, ఇదంతా నా ఒక్కడికే ఎందుకు? గ్రంథాలయ వారోత్సవాల్లో ఒక సాయంత్రం మాట్లాడకూడదూ?" అన్నారు.

నాకు ఒళ్లు ఝల్లుమంది. ఆ హాల్లో ఏళ్ల తరబడి కూర్చున్నాను గానీ ఎప్పుడూ గొంతు విప్పింది లేదు. చుట్టూ కాంపిటీటివ్ పరీక్షలకు చదివే డిగ్రీల కుర్రాళ్లు, రిటైరైన మాస్టార్లు. వాళ్ల ముందు నిలబడి, నేను చదువుకున్నది నా నోటితో చెప్పడం! ఇంతకంటే నాకేం కావాలి? సరేనన్నాను. "టైముకి రావాలమ్మా" అన్నారాయన. "నువ్వు ఆలస్యమైతే మన రిటైరైన హెడ్మాస్టారు గారు మాట అందుకుంటారు. ఆయన అందుకుంటే ఇక ఆ సాయంత్రం ఆయనదే."

ఇంట్లో చెబితే మా ఆయన అన్నం కలుపుతూ, "పదిమంది ముందు మాట్లాడగలవా?" అన్నాడు.

"ఏం, భయమా నాకు?"

"నీకు కాదే. నాకైతే అలవాటయింది, పాపం వాళ్లకి కొత్త కదా."

'రెండు వైపులా ఎదురుగాలి' అని పేరు పెట్టుకుని, ప్రసంగం మొత్తం సైకిలు మీద బట్టీ పట్టాను. కానూరులో కుక్కలు కూడా విన్నాయి.

ఆ రోజు రానే వచ్చింది, తుఫానుతో సహా. ఉత్తరాన ఎక్కడో తీరం దాటుతోందని పొద్దున్నే టీవీలో చెప్పారు. మాకు వాన లేదు, మబ్బు, గాలి. తుఫాను చుట్టూ గాలి ఎడమవైపు తిరుగుతుందని నేను చదివాను కనుక అది ఉత్తరాన ఉంటే మాకు గాలి వాయవ్యం నుంచి రావాలని గుమ్మంలో నిలబడి లెక్క కట్టాను. లెక్క తప్పలేదు. తాడిగడప దాకా తొక్కాను, ఆ తర్వాత తోశాను, ఆఖరికి గాలీ నేనూ చెరో హ్యాండిలు పట్టుకుని లాక్కున్నట్టే అయింది. షాపులో అడుగుపెడుతూనే, "చూశారా! ఎదురుగాలి!" అన్నాను, కన్న కూతురికి ఫస్టు ర్యాంకు వచ్చినట్టు.

సాయంత్రం బయల్దేరబోతుంటే హనుమాన్ జంక్షన్ నుంచి ఫోను. అక్కడ లారీ ఒకటి నడిరోడ్డు మీద ఆగిపోయింది, సామాను కోసం మనిషి బయల్దేరాడు, బిల్లు సిద్ధంగా ఉంచాలి. కళ్ల ముందు హెడ్మాస్టారు గారు కండువా సర్దుకుంటూ లేస్తున్నారు.

సేల్స్‌మన్ గారు నా ముఖం చూసి కీబోర్డు తన వైపు లాక్కున్నారు. "మీరు వెళ్లండి మేడమ్ గారూ. బిల్లు నేను కొడతా."

"మీకు వచ్చాండీ?"

"రాదు. తప్పులుంటే రేపు దిద్దుకోండి. మీరు పోకపోతే ఆ ప్రసంగం రేపు మాకు చెబుతారు. ఆ భయంతోనే పంపుతున్నా."

పరుగున సైకిలెక్కాను. రెండు పెడల్స్ తొక్కానో లేదో, ఎవరో క్యారియర్ పట్టుకుని తోస్తున్నట్టు సైకిలు ముందుకు ఉరికింది. ఉలిక్కిపడి వెనక్కి చూశాను. ఎవరూ లేరు. గాలి! పొద్దుటి గాలే, ఇంకా అటునుంచే వీస్తోంది, నేనిప్పుడు ఇటు పోతున్నాను. నా జీవితంలో మొదటిసారి వెనక గాలి. కాళ్లు ఊరికే తిరుగుతున్నాయి. పమిట నాకంటే ముందు ఇంటికి బయల్దేరింది. దాన్ని లాగి నడుముకు దోపి, "ఓయ్!" అని అరిచాను, ఎవరినని కాదు, ఊరికే. పక్కనే మోపెడ్ మీద చేపల పెట్టె కట్టుకుని పోతున్నామె తల తిప్పి, "ఏందక్కా, మోటారు పెట్టించావా!" అంది.

"గాలమ్మా, గాలి!"

"నాకూ కొంచెం పంపించు, పెట్రోలు కలిసొస్తది!" అని నవ్వుతూ మలుపు తిరిగిపోయింది.

కానూరు దాటాక ఒక చిత్రం గమనించాను. రోడ్డు పక్క మొక్కజొన్న కండెలు కాలుస్తున్న బండి నుంచి పొగ లేచి, చెదిరిపోకుండా నా పక్కనే వస్తోంది. నేనెంత వేగమో అదీ అంతే వేగం. ఒక ప్లాస్టిక్ కవరు నా చక్రం పక్కన గాల్లో తేలుతూ కుక్కపిల్లలా తోడొస్తోంది. చెట్లు ఊగిపోతున్నాయి, ఫ్లెక్సీలు పటపట కొట్టుకుంటున్నాయి, నా ముఖం మీద మాత్రం గాలి లేదు. వెంట్రుక కదలడం లేదు. తలుపులు వేసిన గదిలో కూర్చున్నట్టు నిశ్శబ్దం. నా చైను చప్పుడు నాకే వినిపిస్తోంది.

ఇంత గాలిలో నాకు గాలి లేకపోవడమేమిటి?

తాడిగడప దగ్గర తట్టింది, తట్టగానే బ్రేకు నొక్కాను. ఆగీ ఆగగానే ఆ గాలి వీపు మీద చరిచింది. మళ్లీ తొక్కాను. మాయం. గాలి ఎంత వేగంతో పోతోందో నేనూ అంతే వేగంతో పోతున్నాను, అందుకని తగలడం లేదు. మరి గాలే లేని రోజున నేనిలా తొక్కితే? నేనే గాలిని గుద్దుకుంటూ పోతాను. అది ఎదురుగాలి లాగే తగులుతుంది. ఎటు తొక్కినా, ఏ కాలంలోనైనా! అంటే ఇన్నాళ్లూ పడమటి గాలిదీ, పైరగాలిదీ అనుకున్న దాంట్లో కొంత వాటిదే కావచ్చు, మిగతాది నాదే. నా ఎదురుగాలిని నేనే తయారుచేసుకుని, బంగాళాఖాతాన్ని తిట్టుకుంటూ తిరిగాను!

నవ్వాగలేదు. నవ్వుతుండగానే ఇంకోటి తట్టింది. మరి నా ప్రసంగం? ఎదురుగాలంతా సముద్రం పని అని మొదలెట్టి, సముద్రం పనే అని ముగించే ప్రసంగమది. బట్టీ పట్టింది అప్పజెబితే నాకే తప్పని తెలిసింది చెప్పినట్టు. చెప్పకపోతే హెడ్మాస్టారు గారున్నారు. నా కాళ్లు నెమ్మదించాయి; పొగ నన్ను దాటి ముందుకు పోయింది.

లైబ్రరీకి టైముకే చేరాను, టైముకంటే ముందే. హెడ్మాస్టారు గారు కాస్త నిరాశగా చూసి, మొదటి వరసలో కూర్చున్నారు. నేను లేచాను. బట్టీ పట్టిన మొదటి వాక్యం నాలుక చివరే ఉంది. దాన్ని మింగేశాను.

"నేను మీకు ఎదురుగాలి ఎందుకొస్తుందో చెబుదామని వచ్చానండీ. దారిలో ఇప్పుడే తెలిసింది, నాకు సగమే తెలుసని."

నవ్వారు. ఆ నవ్వుతో భయం పోయింది. పైరగాలి సంగతి చెప్పాను, పడమటి గాలి చెప్పాను, పొగ నా పక్కన నడిచి రావడం చెప్పాను. పొగ దగ్గరికొచ్చేసరికి చేతులు కూడా తొక్కుతున్నట్టే ఆడిస్తున్నానట. వెనక బల్ల మీద నుంచి ఒక కుర్రాడు, "మేడమ్, రిలేటివ్ వెలాసిటీ! ఇది బిట్ వస్తుంది!" అని పుస్తకం తిరగేశాడు. ఇంకొకడు, "పోయినసారి వచ్చిందిరా, నువ్వే తప్పు పెట్టావు" అన్నాడు.

లైబ్రేరియన్ గారు మాత్రం ఒప్పుకోలేదు. "ఆగమ్మా. గాలి లేకపోయినా గాలి తగులుతుందంటావు. ఎక్కడిదా గాలి?"

"బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే తగలదాండీ?"

"అది బస్సు. సైకిలుకి అంత సీనుందా?"

"తొక్కి చూడండి."

హాలంతా ఒక్కసారిగా ఆయన వైపు తిరిగింది. ఉద్యోగంలో చేరాక ఆయన సైకిలెక్కింది లేదట. హెడ్మాస్టారు గారు లేచి, "శాస్త్రమన్నాక రుజువు ఉండాలి, పదండి" అని ముందు తనే బయటికి నడిచారు. సందులో ఇళ్ల చాటున గాలి లేదు. వేపచెట్టు ఆకు కదలడం లేదు. లైబ్రేరియన్ గారు కళ్లజోడు నా చేతికిచ్చి, మా అమ్మాయి బుట్ట సైకిలు ఎక్కారు. ఒకసారి అటు ఒరిగారు, ఒకసారి ఇటు ఒరిగారు. కుర్రాళ్లు క్యారియర్ పట్టుకుని కొంతదూరం పరుగెత్తి వదిలేశారు.

"ఏవండీ, తగులుతోందా?" అని అరిచాను.

సందు చివర దాకా పోయాక ఆయన గొంతు వినిపించింది, చిన్నపిల్లాడి గొంతులా ఉంది. "తగులుతోందమ్మా! చొక్కాలోకి కూడా పోతోంది!"

"ఇక చాలు, దిగండి, నా వంతు!" అంటూ హెడ్మాస్టారు గారు కండువా తలకు చుట్టుకుంటున్నారు. ఆయన వెనక కుర్రాళ్లు వరస కట్టారు. లైబ్రేరియన్ గారు ఎవరి మాటా వినకుండా బెల్లు కొట్టుకుంటూ మలుపు తిరిగిపోయారు. లైబ్రరీ మూసే వేళ దాటిపోయింది.