మట్టితో మెత్తిన మూత

మా వియ్యంకుడు గారు పోయారు. మంగళవారం పొద్దున ఆసుపత్రి నుంచి అల్లుడు ఫోన్ చేస్తే, మా అమ్మాయి విని, ఫోన్ బల్ల మీద పెట్టి నా వంక చూసింది. నాకు ఇంకెవరూ చెప్పక్కర్లేకపోయింది. ముందురోజు సాయంత్రం గ్రీన్‌హౌస్‌లో పని ముగించుకుని లోపలికొచ్చి, మంచినీళ్లు అడిగి, తాగకుండానే కుర్చీలో ఒరిగిపోయిన మనిషి మళ్లీ ఇంటికి రాలేదు.

ఇక్కడ అమెరికాలో, మా ఊరు ఫార్మింగ్టన్ హిల్స్ చుట్టుపక్కల ఉన్న మనవాళ్లలో చాలామంది ఆయన దగ్గర గోంగూర నారో కరివేపాకు మొక్కో తీసుకెళ్లే ఉంటారు. కార్ల కంపెనీలు దెబ్బతిన్న ఏడాది ఆయన ఉద్యోగం పోయింది. ఆయన భార్య, మా వదినగారు, అప్పటికే లేరు. ఖాళీగా కూర్చోలేక ఇంటి వెనక ఇనప కమానులు పాతి, ప్లాస్టిక్ కప్పి, లోపల మొక్కలు పెట్టారు. బయట మోకాలి లోతు మంచు ఉన్నా లోపల మెంతికూర వాసన వచ్చేది.

ఆ వెచ్చదనమంతా కట్టెలతోనే. పెద్ద పొయ్యి మధ్యలో ఒక డ్రమ్ము. దాన్నిండా ఎండిన కొమ్మలు కూరి మూత బిగించేవారు. చుట్టూ మంట వేస్తే, లోపలి కొమ్మలకు గాలి తగలదు కాబట్టి అవి కాలిపోకుండా బొగ్గయ్యేవి. ఆ వేడికి కాగిన నీళ్లు గొట్టాల్లో మొక్కల బల్లల కింద తిరిగేవి. మంట అయ్యాక డ్రమ్మును తోపుడుబండి మీద బయటకు లాగి, మూత చుట్టూ తడిమట్టి మెత్తి, ఒక రోజంతా వదిలేసేవారు. అది చల్లారేలోపు రెండో డ్రమ్ము పొయ్యిలోకి వెళ్లేది.

అమ్మాయి దగ్గర వాళ్లింట్లోనే ఉండే నాకు ఇదంతా చూస్తే గుండె దడ. ప్లాస్టిక్ అంటుకుంటుందేమో, పొగ చేరి మనుషులు పోతారేమో అని రోజూ అడిగేదాన్ని. ఆయన విసుక్కోలేదు. పొగ గొట్టం బయటికి ఎలా వెళ్తోందో చూపించారు. గ్యాస్ చేరితే మోగే అలారం నాకోసమే కొనుక్కొచ్చి, "ఇదిగో చెల్లెమ్మా, ఇకనుంచి మీ బదులు ఇది భయపడుతుంది" అన్నారు.

అయినా నా మనసు ఊరుకోలేదు. మొదటి చలికాలంలో ఒకరోజు, లోపల నిప్పు ఆరిందో లేదోనని, ఆయన చూడకుండా మట్టి గీకి మూత కాస్త ఎత్తి చూశాను. ఎర్రగా ఏమీ కనబడలేదు. హమ్మయ్య అనుకుని మళ్లీ మూశాను, సరిగ్గా మూసుకుందో లేదో చూడలేదు. మర్నాటికి డ్రమ్ములో బొగ్గు లేదు, తెల్లటి బూడిద. గాలి తగిలి మొత్తం కాలిపోయింది. మూత ఎత్తింది నేనేనని చెప్పేశాను.

ఆయన డ్రమ్ములోకి తొంగి చూసి, "పోన్లెండి చెల్లెమ్మా, అంట్లు తోముకోవడానికి ఏడాదికి సరిపోతుంది" అన్నారు.

అలా ఇంకో రెండుసార్లు చేశాను, ఇప్పుడు దాచడమెందుకు. మూడోసారి తర్వాత మూత మీద సుద్దముక్కతో పెద్ద పెద్ద అక్షరాలు రాశారు: "నిద్రపోతోంది. లేపకండి." అమ్మాయి చూసి పడీపడీ నవ్వింది. "అమ్మా, మావయ్యగారు నీకోసం బోర్డు పెట్టారే!"

బొగ్గు తీశాక దాన్ని తిన్నగా మొక్కలకు వేసేవారు కాదు. కుళ్లిన ఆకుల ఎరువులో నెలరోజులు నానబెట్టేవారు. ఎందుకండీ అంటే, "ఇప్పుడిది ఆకలి మీద ఉందమ్మా. అలాగే వేస్తే మొక్క తిండి లాక్కుంటుంది. ముందు మనం దీనికి పెడితే, తర్వాత ఇది మొక్కకు పెడుతుంది" అనేవారు. ఇంట్లోనూ అంతే. ఎవరొచ్చినా ముందు అన్నం తిన్నారా అని అడిగి, తర్వాతే మొక్కల సంగతి.

ఈ చలికాలం డ్రమ్ము లాగేటప్పుడు మధ్యలో ఆగి ఛాతీ రుద్దుకునేవారు. పొగ పట్టిందనుకున్నాను. అన్నిటికీ భయపడేదాన్ని, ఆ ఒక్కదానికి భయపడలేదు. ఒక్కసారైనా "అన్నయ్యగారూ, నొప్పిగా ఉందా?" అని అడగలేదు. అడిగితే నవ్వేసేవారేమో. అయినా అడగాల్సింది.

ఆయన ఆఖరి సాయంత్రం మూసిన డ్రమ్ము గోడవారన అలాగే ఉండిపోయింది. కర్మకాండలు అయ్యేవరకు దాని జోలికి ఎవరూ వెళ్లలేదు. అల్లుడు ఉన్న ఒక్క డ్రమ్ముతోనే నెట్టుకొచ్చాడు. అది చల్లారేదాకా పొయ్యి వెలిగేది కాదు, అంటే రోజు విడిచి రోజు మంట. పన్నెండో రోజు అయ్యాక ఒక పొద్దున నా దగ్గరకొచ్చాడు.

"అత్తయ్యగారూ, చలి ఇంకా పెరుగుతుందంట. ఒక్క డ్రమ్ముతో కుదరట్లేదు. గోంగూర నారు అప్పుడే వాలిపోతోంది. ఆ రెండోది ఖాళీ చేద్దామా?"

"ఇంకా చల్లారిందో లేదో నాయనా" అన్నాను.

"రెండు వారాలైందమ్మా!" అంది అమ్మాయి. "నువ్వేనా ఈ మాట అనేది?"

నేనే. ఒక్క పూట మూత తీయకుండా ఉండలేని దాన్ని, ఇప్పుడు తీయలేకపోయాను. వంగి చూస్తే మూత చుట్టూ మట్టి ఎండి బీటలిచ్చింది. దాని మీద వరసగా ఆయన వేళ్ల గుర్తులు. ఒకచోట బొటనవేలు గట్టిగా నొక్కారు, గాలి పోకుండా. ఇది తీస్తే ఆయన చేత్తో చేసిన పనుల్లో ఆఖరిది పోతుంది. తీయకపోతే ఆయన పోసిన నారు పోతుంది.

గరిటె కాడతో నేనే గీకాను. మట్టి పెళ్లలు పెళ్లలుగా ఊడి వచ్చింది. మూత ఎత్తాం. డ్రమ్ము నిండా నల్లటి కొమ్మలు, ఒక్కటీ బూడిద కాలేదు. బెరడు గీతలు, కణుపులు, ఒక పుల్లకు విచ్చని మొగ్గ కూడా ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. అల్లుడు వాటిని తట్టలోకి వంపుతుంటే గాజు గాజుకు తగిలినట్టు సన్నగా మోగాయి.

ఆ సాయంత్రం రెండో డ్రమ్ము పొయ్యిలోకి వెళ్లింది. బల్లల కింద గొట్టాలు వెచ్చబడ్డాయి. ప్లాస్టిక్ లోపలివైపు పట్టిన మంచు కరిగి, ఒక్కొక్క బొట్టే నారు మీద పడుతోంది.