నెలనెలా మారే పాస్‌వర్డు

“...అందుకే మెట్లెక్కి పోదాం అన్నాను. నువ్వే మోకాళ్లన్నావు.”

“మోకాళ్లు నొప్పన్నాను గానీ ఈ డబ్బాలో పడి ఉందామన్నానా? ఆ మీట నాలుగుసార్లు నొక్కిందెవరు?”

“ఒకసారి నొక్కితే వెలగలేదు. అందుకు నొక్కాను.”

“వెలగకపోతే ఆగాలి. నీకు ఏదైనా అంతే. అది ఒప్పుకునేదాకా పొడుస్తూనే ఉంటావు.”

లిఫ్టులో ఇరుక్కున్న ఆ భార్యాభర్తల మాటలు తన ఇంట్లో హెడ్‌ఫోను పెట్టుకున్న ఆమెకు పక్కన కూర్చుని విన్నంత స్పష్టంగా వినిపిస్తున్నాయి. మెకానిక్ బయల్దేరాడని, పదిహేను నిమిషాల్లో వస్తాడని, కంగారు పడొద్దని ఆమె మూడోసారి చెప్పింది.

“ఏమందో అర్థమైందా?”

“ఏదో గరగరమంది. పెట్టేసినట్టుంది.”

“పెట్టేయదా మరి. నీ గొంతు వినగానే నేనైనా అంతే.”

ఆమె పెట్టేయలేదు. లిఫ్టు తలుపు తెరుచుకునేదాకా లైను పెట్టేయకూడదన్నది ఆ ఉద్యోగంలో మొదటి నిబంధన. పంతొమ్మిది నిమిషాల పాటు ఆ దంపతులు ఒకరినొకరు ఎన్ని రకాలుగా తప్పుపట్టుకున్నారో అన్నీ విన్నది. తన మాట మాత్రం ఒక్కటీ వాళ్లకు అందలేదు.

అరగంట తర్వాత సూపర్‌వైజర్ ఫోన్ చేసింది. ఆమె కంటే పన్నెండేళ్లు చిన్నది. ఎప్పుడూ మర్యాదగానే మాట్లాడుతుంది.

“మీ మాట అవతలికి అందకపోవడం ఈ నెల్లో ఇది నాలుగోసారండీ. మీరు సీనియర్ కాబట్టి ముందే చెప్తున్నాను. శుక్రవారంలోపు మీ ఇంట్లో నెట్ బాగుపడకపోతే సోమవారం నుంచి ఆఫీసుకొచ్చి కూర్చోవాల్సి ఉంటుంది.”

“బాగు చేయిస్తానండీ.”

“ఆఫీసంటే భయమేం లేదు కదా? ఇప్పుడు ఏడుగురున్నారు. బాగానే ఉంటుంది.”

“భయం కాదండీ. దూరం.”

దూరం నిజమే. రెండు బస్సులు మారాలి. ఏడింటికి గడప దాటితే రాత్రి ఎనిమిదికి గానీ ఇల్లు చేరదు. కానీ ఆమె భయపడింది ఆ దూరానికి కాదు. పగలంతా ఇంటికి తాళం ఉంటే తలుపు తట్టినవాళ్లు వెనక్కి పోతారు. రెండుసార్లు వెనక్కి పోయినవాళ్లు మూడోసారి రారు.

ఆమె ఉండేది మూడో అంతస్తులో, రెండు గదుల ఇంట్లో. ముందు గదిలో కిటికీ పక్కన బల్ల, దాని మీద కంప్యూటరు, చెవులకు పెట్టుకునే హెడ్‌ఫోను, గోడకు ఊళ్లోని లిఫ్టుల జాబితా. ఎక్కడ ఎవరు ఇరుక్కుని అత్యవసర మీట నొక్కినా ఆ పిలుపు తన వంతు వచ్చినప్పుడు ఆ బల్ల దగ్గరికే వస్తుంది. పద్నాలుగేళ్లుగా అదే పని. మొదటి తొమ్మిదేళ్లు ఆఫీసులో చేసింది. తర్వాత కంపెనీ అందర్నీ ఇంటి నుంచే పనిచేయమని పంపేసింది. ఆ ఏడాదే భర్తతో విడాకులయ్యాయి. ఈ రెండింటిలో ఏది ముందో ఎవరైనా అడిగితే కాస్త ఆలోచించుకుని చెప్పాలి.

భవనంలో అందరూ ఆమెను లిఫ్టక్క అంటారు. ఆ భవనానికి లిఫ్టు లేదు. కొత్తగా అద్దెకు దిగినవాళ్లు ఎవరైనా ఆ పేరు విని, లిఫ్టెక్కడని వెతుక్కోవడం అక్కడివాళ్లకు పాత సరదా.

ఇరుక్కున్నవాళ్లతో ఆమె బాగా మాట్లాడుతుంది. ఏ అంతస్తుకు వెళ్తున్నారు, ఇంట్లో ఎవరెవరు, సంచిలో ఏం తెచ్చారు అని అడిగి, వాళ్ల ఊపిరి కుదుటపడేలా చేస్తుంది. పిల్లల పెళ్లిళ్లు, రాని ప్రమోషన్లు, పళ్ల నొప్పి, అన్నీ చెబుతారు. తలుపు తెరుచుకోగానే మాట మధ్యలో వదిలేసి వెళ్లిపోతారు. అందులో వాళ్ల తప్పేం లేదు. పద్నాలుగేళ్లలో వెళ్లొస్తానని చెప్పినవాళ్లు పదిమంది ఉంటారేమో.

నెట్ ఒక్కసారిగా పాడవలేదు. ఎనిమిది నెలలుగా, ఇంట్లో సబ్బు అరిగినట్టు, తెలియకుండా తగ్గుతూ వచ్చింది. ముందు ఆమె వైఫై డబ్బాను ఫ్రిజ్ వెనక నుంచి తీసి బీరువా మీద పెట్టింది. వారం బాగుంది. తర్వాత పొద్దున్నే దాన్ని ఆపి, పదిదాకా లెక్కపెట్టి, మళ్లీ వేయడం మొదలుపెట్టింది. అదీ కొన్నాళ్లు పనిచేసింది. వైరు మార్చింది. కిటికీకి ఉన్న ఇనుప జాలీ అడ్డమేమోనని తీయించింది. దాంతో దోమలొచ్చాయి, వేగం రాలేదు. చివరికి ఒక నోటుబుక్కులో గంటగంటకూ వేగం రాసిపెట్టడం మొదలుపెట్టింది. ఏడింటికి బాగుంటుంది. తొమ్మిదికి తగ్గుతుంది. పది నుంచి పదిన్నర దాకా మాత్రం పూర్తిగా పడుకుంటుంది.

బుధవారం నెట్ కంపెనీ మనిషి వచ్చాడు. మూడంతస్తులు ఎక్కి గుమ్మంలో ఆగి రొప్పాడు.

“లిఫ్ట్ లేదా మేడమ్?”

“లేదు.”

“కింద టైలరు గారు లిఫ్టక్క ఇల్లా అన్నారు. ఉందేమో అనుకున్నా.”

అతను సంచిలోంచి చిన్న కంప్యూటరు తీసి, గోడలోంచి వచ్చే వైరును నేరుగా దానికి తగిలించి చూశాడు. లైను నిక్షేపంలా ఉంది. డబ్బాకు తగిలించి చూశాడు. డబ్బా కూడా బాగుంది. నోటుబుక్కు అడిగి తీసుకుని రెండు పేజీలు తిప్పాడు.

“ఇంత శ్రద్ధగా రాసినవాళ్లని నేను చూళ్లేదు మేడమ్. మీకు వచ్చేది బాగానే వస్తోంది. మీ దగ్గర్నుంచి పోయేదే పోవట్లేదు. ఆ దారి ఎప్పుడూ ఇరుకే. అందులో ఇంకెవరో దూరుతున్నారు.”

డబ్బా లోపలి పేజీ తెరిచాడు. ఆ సమయంలో దానికి తగులుకుని ఉన్నవాటి జాబితా వచ్చింది. కిందికి జరుపుతూ లెక్కపెట్టాడు. ఇరవై ఆరు.

“ఇంట్లో ఎంతమంది మేడమ్?”

“నేనొక్కదాన్నే.”

అతను గది చుట్టూ ఒకసారి చూసి మళ్లీ తెర వైపు తిరిగాడు. “మరి ఇదెవరిది?”

“టైలరు గారి పెద్దకూతురి ఫోను.”

“ఇది?”

“రెండో అంతస్తులో నర్సమ్మ టీవీ. డ్యూటీ నుంచి వచ్చాక పెట్టుకుంటుంది. దాని కిందది వాళ్ల తమ్ముడిది, పరీక్షలకని వచ్చాడు.”

“ఈ రెండూ కెమెరాలు. రోజంతా వీడియో పంపుతూనే ఉన్నాయి.”

“టైలరు గారి కొట్టువి. నిరుడు ఎవరో బట్టలెత్తుకుపోయారు.”

“పదింటికి పెద్ద బండొకటి పోతోంది చూడండి. అరగంట పాటు దారంతా అదే.”

“అది డ్రిల్ మాస్టారు,” అందామె. “రిటైరయ్యారు. పాత స్టూడెంట్లకి ఫోన్లో డ్రిల్ చేయిస్తారు. ఇక్కడ చేతులెత్తితే వాళ్లు అక్కడ ఎత్తుతారట.”

అతను నవ్వబోయి ఆపుకున్నాడు. “అన్నీ మీకు తెలిసే జరుగుతున్నాయన్నమాట. ఇందులో రిపేరేం లేదు మేడమ్. పాస్‌వర్డు మార్చేయండి, అయిపోతుంది.”

“మారుస్తూనే ఉంటాను. నెలనెలా, మొదటి సోమవారం.”

“మార్చాక?”

“వచ్చి అడుగుతారు.”

“ఇస్తారా?”

“కాగితం మీద రాసిస్తాను.”

“మరి మార్చడం దేనికి మేడమ్?”

ఆమె వంటగది వైపు తిరిగి, “టీ తాగుతారా?” అంది.

మొదట్లో ఏ ఆలోచనా లేదు. రెండేళ్ల కిందట టైలరు ఎవరిదో జాకెట్టు నమూనా ఫోన్లో చూడాలని, తన దాంట్లో నెట్ అయిపోయిందని పైకి వచ్చాడు. పాస్‌వర్డు చెప్పింది. అతను స్టూలు మీద కూర్చుని మంచినీళ్లు తాగి, వెళ్లేముందు కిటికీ తెర కుట్టు ఊడిపోయిందని తనే చూసి, సాయంత్రం సూదీదారం తెచ్చి కుట్టిపోయాడు. తర్వాత రాలేదు. రావాల్సిన పని లేదు. నాలుగు నెలల తర్వాత డబ్బా పాడై కొత్తది పెట్టినప్పుడు పాస్‌వర్డు దానంతటదే మారింది. టైలరు మళ్లీ వచ్చాడు. అతని వెనకే నర్సు వచ్చింది. ఆ రోజు ముందు గదిలో ఒకేసారి ముగ్గురు మనుషులున్నారు. ఆ నెల తిరిగాక ఆమె తనే మార్చింది. మెట్ల మీద నుంచి కేకేసి చెప్పుకోవడానికి వీల్లేకుండా, అక్షరాలు, అంకెలు కలిపి పొడుగ్గా పెట్టేది. కింద ఎవరైనా ఎందుకిలా మారుస్తుంటావని అడిగితే కంపెనీ రూలు అనేది.

టీ తాగి అతను మళ్లీ కంప్యూటరు ముందు కూర్చున్నాడు.

“ఇంకో పద్ధతుంది మేడమ్. ఇందులోనే వాళ్లకి వేరే పేరుతో ఇంకో నెట్ పెడతాను. దాని వేగం కట్టేస్తాను. వాళ్లు ఎంత వాడినా మీ పనికి అడ్డం రాదు. మీకు ఎవరితోనూ మాటపట్టింపు ఉండదు. ఒక్కసారి పాస్‌వర్డు ఇచ్చేస్తే మళ్లీ ఎవరూ మీ తలుపు తట్టక్కర్లేదు. పది నిమిషాల పని.”

ఆమె ఖాళీ గ్లాసు చేతిలోకి తీసుకుంది.

“ఆలోచించి చెబుతాను.”

“ఇందులో ఆలోచించేదేముంది?”

“చెబుతాను,” అందామె. అతను తన నంబరు నోటుబుక్కు చివరి పేజీలో రాసి వెళ్లిపోయాడు. బుధవారం చెప్పలేదు. గురువారం కూడా చెప్పలేదు.

శుక్రవారం పది దాటి మూడు నిమిషాలకు పిలుపు వచ్చింది. పన్నెండంతస్తుల భవనం, ఏడో అంతస్తుకూ ఎనిమిదికీ మధ్య. ఒక్కతే ముసలావిడ. లోపల దీపం కూడా పోయింది.

“ఎవరమ్మా? ఎవరైనా ఉన్నారా?”

“ఉన్నానమ్మా. భయపడకండి. వింటున్నాను.”

“ఎవరైనా ఉన్నారా?”

ఇక్కడి నుంచి మాట ముక్కలుగా కూడా పోవడం లేదు. సొంత ఫోన్లోంచి మెకానిక్‌కి చెప్పింది, ఆ భవనం వాచ్‌మన్‌కి చెప్పింది. అంతకు మించి చేయగలిగింది ఒక్కటే, ముసలావిడతో మాట్లాడుతూ ఉండడం. అదే కుదరడం లేదు. డబ్బా ఆపి వేస్తే పిలుపు తెగిపోతుంది. తెగితే ఆ చీకట్లో ముసలావిడ మళ్లీ మీట వెతుక్కోవాలి.

“సరేలే,” అంది ముసలావిడ కాసేపటికి. “ఉన్నావనే అనుకుంటాను. లేకపోయినా ఎవరికి తెలుస్తుంది? మా ఇంట్లో రేడియోతో కూడా ఇలాగే మాట్లాడతాను. అది కనీసం తిరిగి ఏదో ఒకటి అంటుంది.”

చేతికర్ర కింద పడిన చప్పుడైంది.

“అది పడిపోయింది. ఇప్పుడు వంగితే నేనూ పడతాను. ఉండనీ. ఏమ్మా, నీ వయసెంత? చెప్పవులే.”

“నలభై ఆరు,” అంది ఆమె.

“చిన్నదానివే అయ్యుంటావు. చిన్నవాళ్లకే పలకడానికి బద్ధకం.”

తెర మూలన గడియారం పది పద్దెనిమిది చూపిస్తోంది. కింద అంతస్తు నుంచి మాస్టారి గొంతు సన్నగా వినిపిస్తోంది. దిగి వెళ్లి ఆపమనాలంటే లైను వదలాలి. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ముసలావిడ మాటలు తగ్గాయి. తర్వాత ఊపిరి మాత్రమే వినిపించింది. ఆమె ఆపకుండా మాట్లాడుతూనే ఉంది. వాచ్‌మన్ మెట్లెక్కుతున్నాడని, దీపం లేకపోయినా గాలి వస్తుందని, కర్ర సంగతి వదిలేయమని, గోడకు ఆనుకుని కూర్చోమని.

పది ముప్పై ఒకటికి కింద అంకెలు ఆగిపోయాయి.

“...కూర్చోండమ్మా, నేనిక్కడే ఉన్నాను.”

అవతల పెద్దగా ఊపిరి పీల్చిన చప్పుడు. “ఉన్నావా?”

“ఉన్నానమ్మా.”

“ఇంతసేపూ ఉన్నావా?”

“ఉన్నాను. అన్నీ విన్నాను.”

“విని పలకలేదా? ఎలాంటిదానివే నువ్వు? ప్రాణం పోతుందేమో అని నేను...”

తలుపు తెరుచుకుంది. ఎవరో అత్తయ్యా అని పిలిచారు. అడుగుల చప్పుడు, కర్ర అందించిన చప్పుడు, తర్వాత ఖాళీ లిఫ్టు.

ఆమె హెడ్‌ఫోను తీసి బల్ల మీద పెట్టింది. డబ్బా లోపలి పేజీ తెరిచి పాస్‌వర్డు మార్చింది. జాబితాలో ఇరవై ఆరు ఒకటైంది. సూపర్‌వైజర్‌కు ఫోన్ చేసి రెండు నిమిషాలు మాట్లాడింది. మళ్లీ పిలుపులకు కూర్చుంది. మధ్యాహ్నం దాకా మూడు వచ్చాయి. మూడూ బాగా వెళ్లాయి.

ఒంటిగంటకు తలుపు చప్పుడైంది. మాస్టారు. మెడలో ఇంకా విజిల్ ఉంది. అలవాటు ప్రకారం కళ్లజోడు, పెన్సిలు కూడా తెచ్చుకున్నారు.

“ఏమ్మాయ్, నెట్ పోయింది. మొదటి సోమవారం ఇంకా రాలేదు కదా, అప్పుడే మార్చావా?”

“మార్చానండీ. కూర్చోండి.”

ఆయన స్టూలు మీద కూర్చుని మోకాళ్లు రుద్దుకున్నారు. “ఇవాళ పద్దెనిమిది మంది వచ్చారు తెలుసా? ఒకడు బ్యాంకు మేనేజరు. పొట్ట కనపడకుండా ఫోను పైకి పెట్టుకున్నాడు. కిందికి దించరా అన్నాను. నలభై ఏళ్లయినా నా మాటంటే భయం వాడికి.”

“దించాడా?”

“దించాడు. దించాక పాపం నాకే బాధేసింది.”

ఆమె నవ్వింది. ఆయనకు మంచినీళ్లిచ్చి, బల్ల సొరుగులోంచి కాగితం తీసి, పాస్‌వర్డు ఒక్కో అక్షరం విడిగా, పెద్దగా రాసింది. ఆయన కళ్లజోడు పెట్టుకుని చదువుకున్నారు.

“ఇదేమిటి, ఈసారి పొట్టిగా ఉంది?”

“అవునండీ. ఇవాళ నా పని అయ్యేదాకా ఆగి, ఐదు దాటాక వాడుకోండి. టైలరు గారికీ, నర్సమ్మకీ కూడా మీరే చెప్పేయండి.”

“నేను చెప్పడమేంటి? వాళ్లే వస్తారుగా.”

ఆమె కిటికీ తెర పక్కకు జరిపింది.

“సోమవారం నుంచి నేను ఆఫీసుకెళ్తున్నాను మాస్టారూ,” అంది. “ఇక పాస్‌వర్డు మార్చను.”